ముప్పై రెండు అక్షరాలు

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం వదిన ఇచ్చింది. ఎవరో కేబుళ్ల కంపెనీ వాళ్లు పంచిన డైరీ. రెండు నెలలుగా షాపులో తను కూర్చునే బిల్లింగ్ బల్ల సొరుగులో పడి ఉంది. శనివారం ఒక కస్టమరు మీద నోరు పారేసుకున్నానని దీన్ని ఇంటికి తెచ్చి నా ముందు పడేసింది. "కోపమొస్తే నోటితో కాదు, దీంతో మాట్లాడు. ఇది వింటుంది, ఎవరికీ చెప్పదు" అంది.

సరే, విను.

మెట్లెక్కగానే ఎడమవైపు మా షాపు, కుడివైపు వాళ్లది. మధ్యలో నడవా ఆరడుగులు. ఇద్దరం అమ్మేది ఒకటే, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు. ఆటల పిచ్చోళ్లకీ, సినిమాలకి బొమ్మలు చేసేవాళ్లకీ. మా ఓనరు రోజూ సాయంత్రం నాలుగింటికి మర్నాటి ధరలు చీటీ మీద రాసి నాకిస్తాడు. పొద్దున పదింటికి నేను షటరెత్తి ట్యాగులు పెడతాను. వెనక్కి తిరిగి చూసేసరికి వాళ్ల అద్దం మీద మాకంటే ఐదు వందలు తక్కువ రాసి ఉంటుంది.

మమ్మల్ని చూసి తగ్గిస్తే వ్యాపారం అనుకోవచ్చు. వీళ్లు చూడకముందే తగ్గిస్తున్నారు. వారంలో ఇది నాలుగోసారి.

మార్చి 4

"నెల రోజుల్నుంచీ ఇదే తంతు" అన్నాడు ఓనరు. "ఎవడో మన ఉప్పు తింటూ వాళ్లకి చేరేస్తున్నాడు."

ఆయన భయం ఆయనది. ప్రపంచం మొత్తం మీద ఈ కార్డుల గుండెకాయ తయారుచేసేది లెక్కకి రెండు కంపెనీలు. పెద్ద కంపెనీ పెట్టిందే ధర. రెండో కంపెనీ దమ్మున్న కార్డు తెచ్చిన రోజున మాత్రం పెద్ద కంపెనీ దిగొస్తుంది. రెండోవాళ్ల కొత్త కార్డు ఈ నెల ఇరవై ఎనిమిదిన వస్తోంది. వచ్చిందంటే మా గోడౌన్‌లో ఉన్న నలభై 'పెద్దన్న'లూ ఒక్క పూటలో పాతసామాను. పెద్దన్న అంటే మా షాపులో మూడు ఫ్యాన్ల కార్డు, అన్నిట్లోకీ ఖరీదైంది. ఓనరు ఒక్కోటి రెండు లక్షల ఆరు వేలకి కొన్నాడు, ధర మంట మీద ఉన్నప్పుడు. రెండు లక్షల ఇరవై నాలుగు వేలకి అమ్ముదామనుకున్నవాడు ఇప్పుడు రెండు లక్షల పద్దెనిమిదికి దిగాడు. వాళ్లు పదిహేడున్నర.

కంపెనీలు ఆడే ఆటే మేమూ ఆడుతున్నాం. కాకపోతే వాళ్లకి సముద్రాలు అడ్డం, మాకు ఆరడుగుల నడవా.

మార్చి 5

ఇవాళ ఎవర్నీ తిట్టలేదు, పని బాగా జరిగింది.

సీలు విప్పిన ప్రతి కార్డునీ అమ్మేముందు నా బల్ల మీద పరీక్ష పెడతాను. ప్రోగ్రాము ఇరవై నిమిషాలు కార్డుని ఉడకబెట్టి స్కోరు చెబుతుంది. మొదలయ్యేముందు ఆ పరీక్షకి ఒక పేరు పెట్టమంటుంది, ముప్పై రెండు అక్షరాలకి మించకూడదు. నేను కార్డు పేరూ రేపటి ధరా కొడతాను. పొద్దున ట్యాగులు రాసేటప్పుడు ఆ వరస చూసుకుంటే చాలు. పోయినేడు చీటీ పోగొట్టి ట్యాగులు తారుమారు చేశాను. ఓనరు నలుగురి ముందూ ఉతికి ఆరేశాడు. అప్పుడు వదినే చెప్పింది ఈ పద్ధతి: "దేని ధర దాని మీదే రాసెయ్. చీటీ ఎగిరిపోతుంది, వస్తువు ఎగరదుగా."

నాకీ ఉద్యోగం ఇప్పించిందీ వదినే. పదో తరగతి తప్పి, కాలిపోయిన బోర్డులు కొనుక్కొచ్చి వంటింట్లో విప్పుకుంటూ కూర్చునేవాణ్ని. ఒకటి ఢామ్మని పేలి గోడ నల్లబడింది. ఇంకెవరైనా అయితే వీపు చీరేసేవాళ్లు. ఆమె ఆ మసి వైపు కాసేపు చూసి, "ఇంత పాడు చేశావంటే ఎంతో కొంత వచ్చే ఉంటుంది" అని షాపుకి తీసుకెళ్లింది. అప్పట్నుంచీ అందరికీ నేను మసి.

మార్చి 7

పరీక్ష ప్రోగ్రాము నెట్‌లో పెట్టే స్కోర్ల పట్టికలో తొమ్మిదో స్థానం. నెల కిందట చేరినప్పుడు అరవై ఏడు. నగరంలో కార్డులు బిగించే ప్రతివాడూ ఉంటాడు ఆ పట్టికలో, ఇంజినీరింగ్ చదివినవాళ్లతో సహా. తొమ్మిదో వరసలో 'మసి'. బస్సులో ఫోన్ తీసి నాలుగుసార్లు చూసుకున్నాను.

ఎదురు షాపు ఐదు వందలు తక్కువ.

మార్చి 8

ఐదు వందలు తక్కువ.

మార్చి 10, సోమవారం

మధ్యాహ్నం మెట్ల మలుపు దగ్గర వదిన, కళ్లజోడు. వాడు ఎదురు షాపు మేనేజరు. కళ్లజోడు నుదుటి మీదే ఉంటుంది, కళ్ల మీద ఎప్పుడూ చూడలేదు. వదిన ఏదో చెబుతోంది, వాడు తల ఊపుతున్నాడు. నన్ను చూసి ఆపేశారు.

"ఏంటంటాడు?" అన్నాను లోపలికొచ్చాక.

"ఏం లేదు. టైమెంతయిందని అడిగాడు."

వాడి షాపులో గోడకి చేటంత గడియారం ఉంది. నా బల్ల దగ్గర్నుంచి కూడా కనబడుతుంది.

మార్చి 11

వదిన కాదు.

మార్చి 12

వదిన కాకపోతే ఎవరు? ధరలు తెలిసేది నలుగురికి. ఓనరు, నేను, బిల్లింగ్‌లో వదిన, ఫోన్ ఆర్డర్లు చూసే ఓనరు బామ్మర్ది. డెలివరీకి బిల్లులు పట్టుకెళ్లే వ్యాన్ బాబాయినీ కలిపితే ఐదుగురు. బామ్మర్దికి రెండు కార్డుల మధ్య తేడా తెలీదు. ఒకసారి కార్డు పెట్టెని తలకిందులుగా పెట్టి 'ఫ్యాన్లు పైకుంటే గాలి బాగా ఆడుతుంది' అన్నాడు, మూత కూడా తీయకుండా. వ్యాన్ బాబాయి పన్నెండేళ్లుగా ఉన్నాడు, కానీ వాగుడుకాయ.

ఓనరుతో చెప్పాను. మూడు కార్డులు, మూడు కొత్త ధరలు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటే చెప్పాలి. ఏది ఎదురు అద్దం మీదకెక్కితే వాళ్లే.

ఓనరు పెన్ను కింద పెట్టాడు. "ఒరేయ్ ఇంజినీరూ, నువ్వు తెలివైనవాడివిరా" అన్నాడు. ఆ నోటి వెంట ఈ మాట మూడేళ్లలో మొదటిసారి.

"మరి నన్ను అనుమానించరా సార్?"

"నువ్వయితే పట్టుకునే దారి నువ్వే చెప్తావా?"

మార్చి 13

ఉచ్చు పెట్టాం. నీళ్లతో చల్లబడే కార్డు ధర వ్యాన్ బాబాయికి. తెల్లకార్డు ధర బామ్మర్దికి. పెద్దన్న ధర వదినకి, రెండు లక్షల పద్నాలుగు వేల మూడు వందలు. ఆ మూడు వందలు కావాలని పెట్టాను. ఎవరూ పెట్టని అంకె, ఊహించి రాయలేరు.

పరీక్ష ఒక్క పెద్దన్నకే పెట్టాను. నీళ్లదానికి పైపులు బిగించాలి, తీరిక లేదు. తెల్లదాని సీలు విప్పొద్దన్నారు. స్కోరు బాగా వచ్చింది. ఎనిమిదో స్థానం.

క్యారియర్‌లో వదిన కూర కాస్త ఎక్కువ పెట్టింది. ఎందుకు పెట్టింది?

మార్చి 14, శుక్రవారం

రెండు లక్షల పదమూడు వేల ఎనిమిది వందలు.

నీళ్లకార్డు పాత ధరే. తెల్లది పాత ధరే. పెద్దన్న ఒక్కటే, సరిగ్గా ఐదు వందలు తక్కువ, నేను పెట్టిన మూడు వందలు తెలియకపోతే ఆ ఎనిమిది వందల తోక రాదు.

ఓనరు అద్దంలోంచి చూసి లోపలి గదిలోకి పిలిచి తలుపేశాడు.

"మీ వదిన కదరా."

నేను చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాను.

"కాకతాళీయం అయ్యుండొచ్చా? నువ్వు చెప్పు. నువ్వు కాదంటే వదిలేస్తాను."

మెట్ల దగ్గర వదినని కళ్లజోడుతో చూశానని చెప్పాను. టైము గురించి కూడా చెప్పాను. అడిగాడు కాబట్టి చెప్పాను. అడగకపోతే చెప్పేవాణ్ని కాదు. న్యాయం అంటే మనవాళ్లకి ఒకటి, బయటివాళ్లకి ఒకటి ఉండకూడదు. నేను రాసింది మళ్లీ చదివాను. సరిగ్గానే ఉంది.

మార్చి 15

పదకొండింటికి పంపించేశాడు. అందరూ ఉన్నారు, ఇద్దరు కస్టమర్లు కూడా. గొంతు పెంచలేదు. "తాళాలు అక్కడ పెట్టమ్మా. ఎందుకో నీకు తెలుసు" అన్నాడు.

"నాకు తెలీదు. మీరు చెప్పండి" అంది వదిన.

అప్పుడు చెప్పాడు. నడవాలోకి వినబడింది. పై అంతస్తు ప్రింటర్ల షాపువాళ్లు రెయిలింగ్ పట్టుకుని వంగి చూశారు.

వదిన వాదించలేదు. నిన్నటి బిల్లుల కట్టకి రబ్బరు బ్యాండు వేసింది, పెన్ను మూత పెట్టింది, సంచీ తీసుకుంది. నా బల్ల దాటుతూ ఆగింది. నేను స్క్రూలు ఏరుతున్నాను. స్క్రూలేవీ కింద పడలేదు.

తప్పు చేయనివాళ్లు అలా ఊరుకుంటారా? నేనైతే షాపు పీకి పందిరి వేసేవాణ్ని.

మార్చి 16, ఆదివారం

ఇంట్లో అందరం ఉన్నాం. రాయడానికేం లేదు.

మార్చి 17

పొద్దున వదిన క్యారియర్ చేతికిస్తూ, "మీరు సాయంత్రం ఎన్నింటికొస్తారు?" అంది.

మీరు. ఆమె ఈ ఇంటికొచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. తల దువ్వింది ఆమే, చెవి మెలేసిందీ ఆమే. నువ్వు, ఏంట్రా నాయనా, ఒరేయ్ పిడుగూ. మీరు అనడం ఎప్పుడూ లేదు. వేళాకోళానికి అయ్యుంటుంది.

మార్చి 18

"మీకు నీళ్లు పెట్టాను, స్నానం చేయండి."

వేళాకోళం కాదు.

అన్నయ్యకి ఏమీ తెలీదు. లేత్ మిషన్ దగ్గర నడుం పట్టేసి ఐదు నెలలుగా మంచం మీదే ఉన్నాడు. షాపులో అమ్మకాల్లేక మనుషుల్ని తగ్గించారని చెప్పిందట. "నిన్ను ఉంచారు కదరా, అదే పదివేలు" అన్నాడు నాతో. అన్నం సయించలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

మార్చి 19

బిల్లింగ్ కుర్చీలో బామ్మర్ది కూర్చున్నాడు. పొద్దున్నుంచీ మూడు బిల్లులు తప్పు. ఒకాయనకి కీబోర్డు ఇచ్చి కార్డుకి బిల్లేశాడు. ఆయన కళ్లు తిరిగి స్టూల్ మీద కూలబడ్డాడు.

నాలుగు రోజులుగా ధర మార్చలేదు. ఇవాళ సాయంత్రం చీటీ వచ్చింది. పెద్దన్న రెండు లక్షల పన్నెండు వేలు. పరీక్ష పెట్టాను, ఏడో స్థానం.

దొంగ పోయింది కాబట్టి రేపు చూడాలి వాళ్ల మొహాలు.

మార్చి 20

రెండు లక్షల పదకొండు వేల ఐదు వందలు.

మార్చి 20, మళ్లీ

ఎలా? వదిన ఇంట్లో ఉంది. నేను ఆమెకి ధర చెప్పలేదు, నా ఫోన్ ఆమె ముట్టుకోలేదు. బామ్మర్దా? పదమూడో తారీకు వాడికి పెద్దన్న ధర తెలీదే. బాబాయా? ఆయనకీ తెలీదు. ఓనరే చెబుతున్నాడా? సొంత ఇంటికి నిప్పెవరు పెట్టుకుంటారు? లోపలి గదిలో మైకు పెట్టారేమో. భోజనం టైములో బల్లల కిందా, గడియారం వెనకా, ఏసీ జాలీలోనూ వెతికాను. ఏసీలో ఒక పిచుక గూడు ఉంది.

ఒకవేళ వదిన కాదేమో.

ఒక్కొక్కరికీ ఒక్కొక్క ధరే తెలుసు. మూడూ తెలిసింది ఓనరుకీ నాకూ.

మార్చి 21, శుక్రవారం

కింద టీ బండి దగ్గర కళ్లజోడు నా పక్కన నిలబడ్డాడు. నేను కప్పు కింద పెట్టి వెళ్లబోయాను.

"ఏడో స్థానమటగా తమ్ముడూ. బాగుంది."

"మీకెలా తెలుసు?"

"రోజూ చూస్తాంగా. మా షాపులో అందరం చూస్తాం. పై అంతస్తు ప్రింటర్లోళ్లు కూడా. నాలుగున్నరకల్లా మసి ఇవాళేం పెట్టాడని అడుగుతారు." టీ ఊదుకున్నాడు. "పాపం, మీ వదినని తీసేశారంట."

"మీకు ధరలు చెప్పినందుకు తీసేశారు."

వాడు మొదటిసారి కళ్లజోడు కళ్ల మీదకి దించుకుని నన్ను చూశాడు. ఎగతాళిగా చూస్తున్నాడనుకున్నాను. కాదు. నిజంగా ఆశ్చర్యపోయాడు.

"నీకింకా తెలీదా? పట్టిక పక్కకి జరిపి చూడు నాయనా."

ఫోన్‌లో పట్టిక సగమే కనబడుతుంది. స్థానం, పేరు, స్కోరు. వేలితో పక్కకి జరిపాను. ఇంకో గడి ఉంది. పరీక్ష పేరు.

పెద్దన్న 212000. పెద్దన్న 214300. తెల్లది, నీళ్లది, అన్నీ. తారీకుతో, టైముతో. నెల కిందట నేను పట్టికలో చేరిన రోజు నుంచీ, ఒక్కటి కూడా వదలకుండా. చేరినప్పుడు 'స్కోర్లు దానంతటవే పంపాలా' అంటే అవునన్నాను. ఏమేం పంపుతుందో చదవలేదు. నేను చూసుకున్నది స్థానం ఒక్కటే.

"మరి తెలిసీ మీరు నోరు మెదపలేదే? ఆవిడ ఉద్యోగం పోతుంటే?"

"మేం మీ షాపులో చొరబడ్డామా? నువ్వు గోడ మీద రాసి పెట్టావు, మేం చదివాం. గోడకి సున్నం వేసుకోమని మేమే చెప్పాలా?"

వాణ్ని కొట్టాలనిపించింది. ఏమని కొట్టాలి?

మార్చి 22

పదమూడో తారీకున పరీక్ష పెట్టింది ఒక్క పెద్దన్నకే. నేనే రాసుకున్నాను ఇక్కడ, నా చేత్తో. పైపులు బిగించే తీరిక ఉండి ఉంటే వ్యాన్ బాబాయి కూడా పోయేవాడు.

మార్చి 23, ఆదివారం

వదిన బట్టలు ఆరేస్తోంది. చెబుదామని వెనకాలే వెళ్లి నిలబడ్డాను. "మీకేమైనా కావాలా?" అంది. క్లిప్పులు అందించి వచ్చేశాను.

మార్చి 24

ఓనరుకి చెప్పాను. ఫోన్ చూపించాను, పక్కకి జరిపి.

తిడతాడనుకున్నాను. గదమాయించి గెంటేస్తాడనుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి పైనుంచి కిందికి మొత్తం చదివాడు. తర్వాత నవ్వాడు.

"ఈ సంగతి మనకి తెలుసని వాళ్లకి తెలుసా?"

"కళ్లజోడే చెప్పాడు సార్."

"వాడు నీకు చెప్పాడు. నువ్వు నాకు చెప్పావని వాడికి తెలీదుగా. చెబితే నీ ఉద్యోగం పోతుందని నువ్వు నోరు మూసుకుంటావనుకుంటాడు. ఎవడైనా అలాగే అనుకుంటాడు." చీటీ తీసి రాశాడు. పెద్దన్న రెండు లక్షల రెండు వేలు. "ఇది ఎక్కించు. ఎక్కించు అంతే, ట్యాగు మాత్రం పన్నెండే ఉంచు. కంపెనీ మనకేదో తగ్గించి ఇచ్చిందనుకుని వాళ్లు రెండు లక్షల పదిహేను వందలకి దిగుతారు. కొన్నదానికంటే నాలుగు వేల ఐదు వందలు తక్కువ. ఇరవై ఎనిమిదిలోపు వాళ్ల దగ్గరున్న స్టాకంతా నష్టానికి అమ్ముకుంటారు. అందులో ఓ ఇరవై మనమే మనుషుల్ని పెట్టి కొనిపించి, వాళ్ల దగ్గర అయిపోగానే పన్నెండుకి అమ్ముకుందాం."

"మరి వదిన?"

"ఏ వదిన?"

"తప్పు ఆవిడది కాదని అందరికీ చెప్పాలిగా సార్."

"చెబితే వాళ్లకి అర్థమైపోతుంది కదరా మనం కనిపెట్టేశామని. కొన్నాళ్లు అలాగే ఉండనీ. అయినా ఆ కుర్చీలో మా వాడు కూర్చున్నాడు." లేచి నా భుజం తట్టాడు. "వచ్చే నెల నుంచి నీ జీతం పెంచుతున్నాను. ఇంట్లోవాళ్లకే కదా ఉపయోగం."

చీటీ జేబులో ఉంది. కార్డు వేడెక్కిందని ఇవాళ్టికి పరీక్ష తప్పించాను. రేపు కుదరదు.

మార్చి 25

నిన్నటి నుంచీ ఆలోచిస్తే ఓనరు మాటలో తప్పేం లేదు. ఎదురు షాపువాళ్లకి బుద్ధి రావాలి. పెరిగే జీతం ఇంటికే వస్తుంది. వదిన కూర్చుని తినొచ్చు. ఇలా మూడుసార్లు రాసి కొట్టేశాను.

సాయంత్రం తలనొప్పని చెప్పి, పరీక్ష పెట్టకుండానే త్వరగా వచ్చేశాను. అన్నయ్య నిద్రపోతున్నాడు. వదిన వంటింట్లో ఉంది, పేలిన బోర్డు మసి ఇంకా పూర్తిగా పోని గోడకి ఆనుకుని.

"ధరలు బయటికెళ్లింది నావల్ల" అన్నాను. ఎలాగో చెప్పాను. పక్కకి జరిగే గడి గురించి చెప్పాను. పదమూడో తారీకు గురించి చెప్పాను. మెట్ల గురించి చెప్పలేకపోయాను.

ఆమె వింటూ పొయ్యి తగ్గించింది.

"నన్ను కళ్లజోడుతో చూశానని ఓనరుకి చెప్పింది కూడా మీరేగా" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"తాళాలు తీసుకునేటప్పుడు ఓనరే చెవిలో చెప్పాడు. మీ మరిదే పట్టించాడమ్మా, నన్నేం చేయమంటావని."

అంటే ఆ రోజే. నా బల్ల దగ్గర ఆగినప్పుడే. ఆ తర్వాత ఎనిమిది క్యారియర్లు కట్టింది.

"వాడితో ఏం మాట్లాడావు వదినా ఆ రోజు?"

"మీ అన్నయ్య గురించి. కూర్చుని చేసే పని, ఫోన్లెత్తే పని ఏదైనా ఉంటే ఇప్పించమన్నాను. ఇస్తామన్నాడు. ముందే చెబితే మీ అన్నయ్య పంతానికి పోతాడని ఎవరికీ చెప్పలేదు." గిన్నె మీద మూత పెట్టింది. "ఇప్పుడివ్వరు. దొంగదాని మొగుడికి ఎవరిస్తారు? నేను పైన ప్రింటర్ల వాళ్లనీ అడిగాను. కింద ఫోన్ల షాపులోనూ అడిగాను. ఆ మెట్లెక్కితే అందరూ సొరుగులకి తాళాలేసుకుంటున్నారు."

ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరు కాళ్లు కడుక్కుని రండి, వడ్డిస్తాను" అంది.

మార్చి 26, బుధవారం

నాలుగింటికి ఓనరు, "ఎక్కించావా?" అన్నాడు.

"ఎక్కిస్తున్నాను సార్."

పెద్దన్నల్లో బాగా పలికే కార్డు ఏదో నాకు తెలుసు. సీరియల్ నంబరు చివర నలభై ఒకటి. ఎవరికీ అమ్మకుండా వెనక్కి పెడుతూ వచ్చాను. దాన్ని బల్లకి బిగించాను. బల్లని లాక్కెళ్లి ఏసీ కింద పెట్టాను, పిచుక గూటికి తగలకుండా. కరెంటు పరిమితి చివరిదాకా లేపాను. ఇన్నాళ్లూ ఓనరు కార్డు కాలుతుందని చేయనిది అదే.

పేరు పెట్టమంది.

ఎప్పట్లా ఇంగ్లిషు అక్షరాల్లో వద్దనుకున్నాను. పై అంతస్తు నుంచి టీ బండి దాకా అందరూ గుక్క తిప్పుకోకుండా చదవాలి. తెలుగులో కొడితే తెలిసింది, ఆ ప్రోగ్రాముకి అక్షరం అంటే మనం అనుకునే అక్షరం కాదు. కొమ్ము ఒకటి, గుడి ఒకటి, ఒత్తు పెడితే ఇంకొకటి. సున్నా కూడా లెక్కే. 'మా ఓనరు' అని మొదలుపెడితే సగానికే ఆగిపోయింది. 'నన్ను క్షమించు వదినా' పట్టింది, కానీ అది చదివి ఎవడికేం అర్థమవుతుంది? అది ఇంట్లో చెప్పాల్సిన మాట. తుడిచాను. నాలుగుసార్లు తుడిచాను. ఎవరిది తప్పు, ఎవరిది కాదు, ఇంతే ఉండాలి.

ధరలు బయటపెట్టింది నేను వదిన కాదు

సరిగ్గా ముప్పై రెండు. చివర చుక్క పెట్టడానికి కూడా చోటు లేదు.

ఇరవై నిమిషాలు కార్డు విమానంలా అరిచింది. బామ్మర్ది వచ్చి, "పేలుతుందా?" అని అడిగి, బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ వేసుకున్నాడు. కార్డు పేలలేదు.

మొదటి స్థానం.

పట్టికలో ఎక్కింది తీసేయడం ఎవరి చేతిలోనూ లేదు. ముందు ఎదురు షాపులో నవ్వులు ఆగిపోయాయి. కళ్లజోడు బయటికొచ్చి నడవాలో నిలబడ్డాడు. తర్వాత పైన రెయిలింగ్ దగ్గర తలలు. వ్యాన్ బాబాయి మెట్లెక్కి వస్తూ ఫోన్ దూరంగా పెట్టుకుని గట్టిగా చదివాడు, కూడబలుక్కుని, ఒక్కో మాటా. ఆయన చదివితే గేటు దాకా వినబడుతుంది.

ఓనరు చివర్న విన్నాడు.

మార్చి 27

ఉద్యోగం లేదు. ఈ నెల జీతం కూడా ఇవ్వనన్నాడు. "లక్షలు తెచ్చే ఎత్తు చెడగొట్టావురా" అన్నాడు. నేను అనాల్సింది చాలా ఉంది, ఈ పుస్తకం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నా స్క్రూడ్రైవర్ల సంచీ తెచ్చుకున్నాను. పిచుక గూడు సంగతి బాబాయికి చెప్పి వచ్చాను.

అన్నయ్యకి అంతా చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు, ఇంతవరకూ ఇటు తిరగలేదు.

ప్రింటర్ల షాపావిడ వదినకి ఫోన్ చేసిందట, సోమవారం వచ్చి కనబడమని. ఇస్తారో లేదో తెలీదు. ఎదురు షాపు నుంచి అన్నయ్య కోసం ఏ కబురూ లేదు. వస్తుందని నేననుకోవడం లేదు.

వదిన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పెడుతున్నాను, తర్వాత నాకు నచ్చినట్టు మార్చుకోకుండా. చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"ఇంతకీ ఎన్నో స్థానం?"

"మొదటిది."

"ఎన్నాళ్లుంటుంది?"

"రేపు రెండో కంపెనీ కొత్త కార్డు వస్తోంది వదినా. అది బల్లెక్కిందంటే కిందికి పోతాను. మహా అయితే ఎల్లుండి దాకా."

చాలాసేపు రాళ్లు ఏరింది.

"నా పేరు నిలబెట్టడానికి రెండు రోజులు చాలనుకున్నావా నువ్వు?"

చేటలో ఒక పక్క బియ్యం నా వైపు జరిపింది, ఏరమని.